పసిపిల్లల సంరక్షణ - పద్దు పుస్తకం

ఖరగ్‌పూర్ రైలు మార్గం చుట్టూ పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కర్మాగారం ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ వెలసిన నాటి నుండి బెంగాలీ, ఒరియా, హిందీ కుటుంబాలతో పాటు వేలాది తెలుగు కుటుంబాలు ఈ ఊరిని స్వస్థలంగా చేసుకున్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అదనపు అధికార భాషగా గుర్తించడానికి ఆమోదం తెలిపింది. ఆ గుర్తింపు వెనుక ఈ పట్టణపు తెలుగువారి దీర్ఘకాల నివాసం ఉన్నది.

రైల్వే ఉద్యోగానికి పగలు రాత్రి భేదం లేదు. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళే ఇంట పసిబిడ్డను ఎవరు చూడాలి? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశువుల గదిని తప్పనిసరి చేసింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఈ బాధ్యతను విధించింది. చిన్న దుకాణంలోనో, చిన్న పాఠశాలలోనో పనిచేసే తల్లికి ఈ సదుపాయం అందదు. అటువంటి వారికి ఇరుగుపొరుగున నలుగురైదుగురు పిల్లలను తన ఇంట ఉంచుకొని చూచే స్త్రీయే ఆధారం.

ఆమె చేసేది వాత్సల్యంతో కూడిన పని. అది ఆమె జీవనోపాధి కూడా. అయితే ఆమె ఇల్లే ఆమె కార్యస్థలం. పిల్లలకు కాచే పాలు, ఇంటివారికి కాచే పాలు ఒకే పొయ్యి మీదివి. అందుచేత వృత్తి ఖర్చు ఇంటి ఖర్చులో కలిసిపోయి, తన శ్రమకు నిజంగా మిగిలినదెంతో ఆమెకే తెలియకుండా పోతుంది.

దీనికి ఒక నోటుపుస్తకం చాలు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ప్రతి పద్దుకు తేదీ, వివరం, మొత్తం ఉండాలి. వేరొక పుటలో ఏ బిడ్డ ఏ వేళకు వచ్చి ఏ వేళకు వెళ్ళినదీ వ్రాసుకోవాలి. తల్లిదండ్రుల డ్యూటీ వేళలు మారే చోట ఈ హాజరు పట్టీయే అదనపు గంటలకు సాక్ష్యం. నెల ముగిసినా రాని రుసుమును జమలో చేర్చక, రావలసిన బాకీగా విడిగా చూపాలి.

ఖర్చులు మూడు విధాలు. పిల్లల కొరకే కొన్న పాలు, పండ్లు, సబ్బు పూర్తిగా వృత్తి ఖర్చు. వంటగ్యాసు, విద్యుత్తు వంటివి ఉమ్మడి ఖర్చులు. వాడిన గంటలను బట్టి మూడవ వంతో, నాలుగవ వంతో నిర్ణయించి ప్రతి నెలా అదే లెక్కను పాటించాలి. చాపలు, ఆటవస్తువులు ఏడాది పాటు మన్నుతాయి గనుక వాటి వెలను పన్నెండు నెలలకు పంచాలి.

ఉదాహరణకు, నలుగురు పిల్లలకు తలకు 2,000 రూపాయల చొప్పున నెలకు 8,000 వచ్చినవనుకొందాము. పాలు, ఆహారం 1,900. సబ్బు, శుభ్రత సామగ్రి 350. గ్యాసులో వంతు 320. విద్యుత్తులో వంతు 300. చాపలు, ఆటవస్తువుల వంతు 100. ప్రథమ చికిత్స మందులు 80. మొత్తం ఖర్చు 3,050. మిగిలినది 4,950. రోజుకు తొమ్మిది గంటల చొప్పున 26 రోజులు పనిచేస్తే 234 గంటలు. గంటకు 34 రూపాయలు వస్తున్నవని తలచిన స్త్రీకి నిజంగా దక్కుతున్నది 21 రూపాయలే! ఆ 8,000 నికరంగా మిగలాలంటే తలకు సుమారు 2,760 రూపాయలు తీసుకోవలసి ఉంటుంది. ఈ అంకెలు చేతిలో ఉంటే రుసుము పెంచమని అడగడానికి సంకోచం అవసరం లేదు.

రశీదులను నెలవారీగా ఒక కవరులో భద్రపరచాలి. గోల్ బజారులో సరుకు కొన్నప్పుడు ఒక్క జాగ్రత్త అవసరం. బెంగాలీ లిపిలోని నాలుగు అంకె మన కంటికి 8 వలె, ఏడు అంకె 9 వలె కనిపిస్తాయి. 40 రూపాయల చీటీ 80గా పుస్తకంలోకి ఎక్కవచ్చు. దుకాణంలోనే అడిగి, పక్కన తెలిసిన అంకెలలో వ్రాసుకోవడం మేలు. పద్దు మాత్రం తెలుగులోనే నిస్సంకోచంగా వ్రాసుకోవచ్చు. రుసుము ఇచ్చిన బెంగాలీ తల్లికో, ఒరియా తండ్రికో చదవగలిగిన భాషలో రశీదు ఇస్తే నమ్మకం పెరుగుతుంది.

ఇంత స్వల్ప ఆదాయమే ఉన్నవారికి సాధారణంగా ఆదాయపు పన్ను పడదు. అయినా పుస్తకం వ్యర్థం కాదు. 2015లో ఆరంభమైన ముద్ర పథకం క్రింద శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు ఋణం కోరే స్త్రీకి, ఏప్రిల్ నుండి మార్చి వరకు వ్రాసిన జమాఖర్చులు తన వృత్తిని బ్యాంకుకు వివరించే ఆధారమవుతాయి. అంతకుమించి, ఇంటిపనిగా ఎంచి లోకం లెక్కపెట్టని శ్రమకు ఆ పుస్తకంలో ఒక వెల ఏర్పడుతుంది. రోజుకు పది నిమిషాలు కేటాయిస్తే, పిల్లలను పంపివేసిన తరువాత సాయంత్రం ఈ పని ముగుస్తుంది.