సేవ చేసే చదువుకు అప్పు చెయ్యవచ్చునా?



పోయిన ఏడాది సంక్రాంతికి దుమ్ముగూడెం వెళ్ళాను. మా పెద్దన్నయ్యగారిది అక్కడ చిన్న కిరాణా కొట్టు. ఎదురుగా గోదావరి, వెనకంతా అడవి. పర్ణశాల చూడడానికి వెళ్ళినవారు మీలోనూ వుండే వుంటారు, ఆ మండలంలోదే.

వదిన కాఫీ గ్లాసు చేతికిస్తూనే మొదలుపెట్టింది. "నువ్వైనా చెప్పమ్మా. దీనికి ఎం.ఎస్.డబ్ల్యు. పిచ్చి పట్టుకుంది. బ్యాంకులో మూడు లక్షలు అప్పు తెస్తుందట. నలుగురికీ సేవ చెయ్యడానికి అప్పు చెయ్యడమేమిటి, విడ్డూరం కాకపోతే!"

మేనకోడలు మాట్లాడలేదు. సాయంత్రం నాతో మాత్రం చెప్పింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు అది పునరావాస శిబిరంలో పనిచేసిందట. "అన్నం పొట్లాలు ఎవరైనా ఇస్తారత్తయ్యా. రేషను కార్డు నీళ్ళలో పోయిన ముసలమ్మ ఎవరి దగ్గరికి వెళ్ళాలో, పరిహారం జాబితాలో పేరు ఎలా ఎక్కించాలో మాలో ఒక్కరికీ తెలియలేదు" అంది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. సరే, కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

ఈ చదువు కొత్తదేమీ కాదు. బొంబాయిలో టాటా వారు 1936లోనే దీనికోసం పాఠశాల పెట్టారు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇవాళ సఖి కేంద్రాల్లో, బాలల రక్షణ విభాగాల్లో, ఆస్పత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఈ చదువు చదివినవాళ్ళు పనిచేస్తున్నారు. పెద్ద గనుల్లో, ఫ్యాక్టరీల్లో సంక్షేమాధికారి వుండాలని చట్టమే వుంది. కొత్తగూడెం బొగ్గు గనులు మావాళ్ళకి ఎంతో దూరం కూడా కావు. కాని ఒక్క మాట. సంక్షేమాధికారి ఉద్యోగం కొద్దిమందికే దొరుకుతుంది. మిగిలిన వాటిలో చాలా భాగం కాంట్రాక్టువే. ఏడాదికోసారి పొడిగిస్తారో లేదోనని ఎదురుచూడాలి. అంచేత జీతం లెఖ్ఖ వేసేటప్పుడు మంచి ఉద్యోగాన్ని కాదు, మొదట దొరికే ఉద్యోగాన్నే వేసుకోవాలి. ఇరవై వేలు అనుకున్నాం. పట్నంలో హాస్టలుకీ, తిండికీ, బస్సుకీ పోగా చేతిలో ఏం మిగులుతుందో మీకు నేను చెప్పాలా?

ఇక అప్పు. మూడు లక్షలు, నూటికి ఏడాదికి పది వడ్డీ అనుకుందాం. ఏటా లక్షన్నర చొప్పున తీసుకుంటాం. చదివే రెండేళ్ళూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలుండవు. అలాగని వడ్డీ నిద్రపోదు. అది బారువడ్డీయే అయినా మూడేళ్ళలో 75 వేలవుతుంది. అంటే కట్టడం మొదలుపెట్టేనాటికి బాకీ 3,75,000. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 4,950. మొత్తం కట్టేది 5 లక్షల 95 వేలు. పదిహేనేళ్ళయితే నెలకు 4,030 చాలుననిపిస్తుంది గాని, మొత్తం ఏడు లక్షల పాతిక వేలు దాటుతుంది. తక్కువ వాయిదా అంటే తక్కువ అప్పు కాదమ్మా!

మరో దారి వుంది. వడ్డీ ఏ నెలకానెల కట్టేస్తే (మొదటి ఏడాది నెలకు 1,250, తరవాత 2,500) బాకీ మూడు లక్షల దగ్గరే ఆగుతుంది. వాయిదా నెలకు నాలుగు వేల లోపుకి దిగుతుంది. మొత్తం మీద నలభై వేల పైన మిగులు. ఇలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులూ వున్నాయి, అడగండి.

"పొలం కాగితాలు ఎక్కడ తెస్తాం?" అన్నాడు అన్నయ్య. ఏజెన్సీలో 1/70 చట్టం వుంది కదా, అక్కడి భూమిని తాకట్టంటే బ్యాంకులు వెనకాడతాయి. అయితే ఏడున్నర లక్షల లోపు చదువు అప్పుకి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడగవు. తల్లో తండ్రో జమిలిగా సంతకం పెట్టాలి, అంతే. అలా పెట్టినవాళ్ళ పాత బాకీలు మాత్రం బ్యాంకువారు తప్పక చూస్తారు.

ఉపకార వేతనాన్ని నమ్ముకునేవారికి ఒక సంగతి చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008లో వచ్చి ఎంతోమందిని చదివించిన మాట నిజమే. కాని డబ్బు విడుదల కావడం ఆలస్యమైతే ముందు విద్యార్థే కట్టవలసి రావచ్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకిచ్చే ఫీజు మినహాయింపు తీసేశారని 2018లో టాటా సంస్థ విద్యార్థులే తరగతులు మానేసి కూర్చున్నారు. సమాజ సేవ నేర్పే చోటే అలా జరిగింది చూడండి!

అప్పుడు వదిన అసలు ప్రశ్న అడిగింది. "పెళ్ళయ్యాక ఈ అప్పెవరు కడతారు?" ఆడపిల్ల చదువు దగ్గర ఈ ప్రశ్నని మనం మనసులోనే దాచుకుంటాం. ఆవిడ పైకి అడిగి మంచి పని చేసింది. అప్పు కాగితం మీద వున్నది పిల్ల పేరు. కట్టేదీ తనే. కనుక పెళ్ళి మాటల్లోనే "మా అమ్మాయి పదేళ్ళు ఇంత వాయిదా కట్టుకుంటుంది" అని చెప్పెయ్యాలి. అది విని లేచిపోయే సంబంధం లేచిపోనివ్వండి. వాయిదా మాత్రం జీతంలో అయిదో వంతుకి మించకూడదన్నాను. ఇరవై వేలకి నాలుగు వేలు. మూడు లక్షలంటే అంచు మీద నడకే. ఉద్యోగం ఆర్నెల్లు ఆలస్యమైతే కాలు జారుతుంది.

అంచేత అప్పునే సగం చేద్దామన్నాను. ప్రైవేటు కాలేజీ మాట పక్కనపెట్టి, సి.పి.గెట్ పరీక్ష రాసి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కోసం ప్రయత్నించమన్నాను. అక్కడ ఫీజు తక్కువ, హాస్టలూ వుంటుంది. ఫీల్డు వర్కుకి వారానికి రెండు రోజులు బయట తిరగాలి, ఆ బస్సు ఖర్చు వేరే రాసుకోమన్నాను. ఇది చాలామంది మరిచిపోతారు.

సీటు వచ్చింది. లక్షన్నర చాలింది. సంతకం తండ్రి చేస్తాడనుకున్నాం గాని, అన్నయ్యకి పాత పంట రుణం బాకీ వుందని వదిన చేతే పెట్టించారు. ఆవిడ బ్యాంకు నుంచి వచ్చి కొట్టు ఖాతా పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన కూతురి పేరు, కింద "వడ్డీ, నెలకు 625" అని రాసుకుందట. ఫోనులో నాకు చదివి వినిపించింది.