ఉన్నట్టుండి జీపు పక్కకు లాగుతోందా? స్టీరింగ్‌ను తిట్టకండి!

పాడేరు: నిన్న సాయంత్రం దాకా తిన్నగా నడిచిన జీపు తెల్లారేసరికి ఎడమకు ఈడుస్తుంది. డ్రైవరు స్టీరింగ్‌ను కుడికి గుంజి పట్టుకుని బండి నడుపుతాడు. వెనక ఇరుక్కుని కూర్చున్న వారికి ఈ సంగతి తెలియదు. "ఈ ఒక్క ట్రిప్పు వేసి వచ్చాక చూపిద్దాం" అనుకోవడం డ్రైవర్లకు పరిపాటి. ఘాట్ రోడ్డు మీద ఆ ఒక్క ట్రిప్పే ప్రాణాల మీదకు తెస్తుంది.

మన్యంలో బస్సు వెళ్లని ఊళ్లకు నేటికీ పాత జీపే దిక్కు. మిరియాలు, పసుపు, కాఫీ గింజల బస్తాలను సంతకు మోసేది అదే. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఆస్పత్రికి చేర్చేదీ చాలా చోట్ల అదే. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు దగ్గరయ్యాయి గానీ కొండవాలు ఊళ్ల దారులు జీపును వదిలిపెట్టలేదు.

ఈ బండి పుట్టుక యుద్ధం నాటిది. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారు చేసిన జీపును 1940ల చివరి నుంచి మహీంద్రా కంపెనీ మన దేశంలో బిగించసాగింది. పాత పొట్టి జీపుకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం 80 అంగుళాలు. 1980లలో వచ్చిన ఎంఎం 540కి 91 అంగుళాలు. లోపలి కట్టుబాటు మాత్రం ఇంచుమించు ఒకటే. ముందు వైపు కూడా ఒకే బరువైన ఇరుసు, నాలుగు మూలలా కమాను కట్టలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. అందుచేత రోగాలూ ఇంచుమించు ఒకటే.

"ఉన్నట్టుండి" అన్న మాటలోనే సగం జవాబు ఉందని అనుభవజ్ఞులైన మెకానిక్కులు అంటారు. కింగ్ పిన్నులు, టై రాడ్డు ఎండ్లు అరగడానికి నెలలు, ఏళ్లు పడతాయి. అవి అరిగిన బండి అటూ ఇటూ ఊగులాడుతుందే గానీ రాత్రికి రాత్రి ఒకే పక్కకు లాగదు. ఒక్కరోజులో తేడా వచ్చిందంటే ఏదో విరిగింది, కారింది, వంగింది, లేదా పట్టేసింది. ఇది గమనించకుండా సరాసరి అలైన్‌మెంటుకు తీసుకుపోతే డబ్బు దండగ.

ఎప్పుడు లాగుతోంది?

మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగుతోందా? తొక్కకపోయినా లాగుతోందా? బ్రేకు వదిలేశాక కూడా కాసేపు లాగి ఆగుతోందా? ఖాళీ బండితో, చదునైన రోడ్డు మీద, నెమ్మదిగా నడిపి చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మన తారు రోడ్లు నీరు పోవడానికి అంచు వైపు కొద్దిగా వాలుగా ఉంటాయి. ఆ వాలుకు ఏ బండి అయినా ఎడమకు కాస్త జారుతుంది. దాన్ని రోగం అనుకోకూడదు.

బ్రేకు తొక్కితేనే లాగుతుంటే దోషం బ్రేకుల్లోనే వెతకాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బండి ఎడమకు లాగుతోందని ఎడమ డ్రమ్ము విప్పుతారు. అక్కడ అంతా బాగానే ఉంటుంది. నిజానికి ఎడమ బ్రేకు బాగా పట్టబట్టే బండి అటు తిరుగుతోంది. పట్టనిది కుడి చక్రం! నొప్పి ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు ఉంటుంది వ్యవహారం. కుడి డ్రమ్ము విప్పితే వీల్ సిలిండరు బిగుసుకుపోయి అయినా ఉంటుంది, లైనరు నూనెతో తడిసి అయినా ఉంటుంది. ఫోర్‌వీల్ జీపుల్లో ముందు ఇరుసు ఆయిలు పాత సీళ్ల గుండా కారి హబ్బు దాటి డ్రమ్ములోకి చేరడం మామూలే. తడిసిన లైనరును పెట్రోలుతో కడిగి ఎండబెట్టి మళ్లీ బిగించే వారున్నారు. పీల్చుకున్న నూనె వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. సీలు మార్చాలి, లైనర్లు రెండు వైపులా మార్చాలి. ఒక వైపే కొత్తవి వేస్తే పట్టులో తేడా వచ్చి బండి మళ్లీ లాగుతుంది.

పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే పొడిని నోటితో ఊదే అలవాటు మెకానిక్ కుర్రాళ్లు మానుకోవాలి. తడిగుడ్డతో తుడిస్తే ఊపిరితిత్తులకు మేలు.

వాగు దాటిన వెంటనే లాగుడు వస్తే కంగారు పడనక్కర లేదు. డ్రమ్ముల్లో నీరు చేరింది. ఒకటి ముందు ఆరుతుంది, ఒకటి వెనక. దాటగానే నెమ్మదిగా పోతూ బ్రేకును కొద్దికొద్దిగా తొక్కుతూ ఉంటే ఆరిపోతాయి. ఆరాక కూడా లాగితే అప్పుడు విప్పి చూడాలి.

బ్రేకు వదిలినా వదలని చక్రం

తొక్కకుండానే లాగుతుంటే ఓ రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపాలి. ముందు చక్రాల హబ్బుల దగ్గరికి చెయ్యి తీసుకుపోవాలి గానీ తాకరాదు. ఒకటి సెగలు కక్కుతూ రెండోది చల్లగా ఉంటే వేడిగా ఉన్న చక్రం బ్రేకు వదలడం లేదన్నమాట. బండి లాగేది కూడా అటువైపే. అనుమానం ఉంటే నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చుయ్యిమంటుంది. బకెట్టెడు నీళ్లు మాత్రం కుమ్మరించరాదు. కాలిన ఇనుప డ్రమ్ము పగులుతుంది.

బ్రేకు ఎందుకు వదలదు? రిటర్న్ స్ప్రింగు తెగి ఉండవచ్చు. సిలిండరులో పిస్టన్ తుప్పుకు పట్టేసి ఉండవచ్చు. చాలామంది అనుమానించనిది రబ్బరు హోస్ పైపు. పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల మాత్రం రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలి బలానికి ఆయిలు లోపలికి పోతుంది గానీ, స్ప్రింగు బలానికి వెనక్కి రాలేదు. బ్రేకు వదిలాక కాసేపు లాగి ఆగే బండికి తరచుగా ఉండే జబ్బు ఇదే. చక్రం పట్టేసి ఉన్నప్పుడు సిలిండరు వద్ద బ్లీడ్ నిప్పిలు కొంచెం వదులు చేస్తే, ఆయిలు చిమ్మి చక్రం తిరిగితే, దోషం హోస్ పైపు లోనో దాని పైననో ఉందని అర్థం.

దారిలో బ్రేకు ఆయిలు దొరకలేదని ఇంజను ఆయిలు పోసే వారూ లేకపోలేదు. ఆ నూనెకు బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఒక డబ్బా ఆదా చేయబోతే నాలుగు చక్రాల రబ్బర్లూ మార్చుకోవలసి వస్తుంది.

మరో ముఖ్య విషయం. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఆయిలు దారి ఒక్కటే. ఒక్క సిలిండరు కారినా పెడలు కిందికి పోయి నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కనుక లాగుడుతో పాటు పెడలు మెత్తబడినా, చక్రం లోపలి వైపు తడి కనిపించినా ఆ బండిని అక్కడే ఆపెయ్యాలి. జనంతో ఘాటు దిగడం కాదు, ఖాళీగా దిగడం కూడా తగదు.

టేపు చెప్పిన నిజం

బ్రేకులు బాగున్నాయి, చక్రాలు చల్లగా ఉన్నాయి, అయినా లాగుతోంది. అప్పుడు టైర్లు చూడాలి. గాలి తగ్గిన వైపుకే బండి లాగుతుంది. ముల్లు దిగి సన్నగా గాలి పోతున్న టైరు కంటికి తెలియదు. పొద్దున్నే, బండి నడపకముందే, రెండు ముందు టైర్ల గాలీ కొలిపించాలి. సమానంగానే ఉంటే ముందు టైర్లు రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి. లాగుడు కూడా పక్క మారిందా, టైరు లోపల దారాలు తెగాయన్నమాట. ఈ పరీక్షకు జాకీ, పానా చాలు.

టైరు మార్చినా లాగుడు మారకపోతే కమాను కట్ట వైపు తిరగాలి. చింతపల్లి వైపు తిరిగే ఓ పాత ఎంఎం 540 సంగతి ఇలాగే అయింది. రాళ్ల దారిలో నిండా బస్తాలతో వచ్చిన మర్నాటి నుంచి బండి ఎడమకు లాగింది. ఒకచోట టై రాడ్డు ఎండ్లు మార్చారు. మరోచోట స్టీరింగ్ బాక్సు విప్పి బిగించారు. లాగుడు తగ్గలేదు సరికదా, స్టీరింగ్ బిగుసుకుంది. చివరికి ఓ పెద్ద మెకానిక్కు చక్రాలు తిన్నగా పెట్టించి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకు టేపు పట్టాడు. కుడి వైపు 91 అంగుళాలు. ఎడమ వైపు ముప్పావు అంగుళం తక్కువ!

ఎడమ కట్టలో పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు విరిగింది. ఆ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుని ఇరుసు కదలకుండా ఆపుతుంది. అది విరిగాక ఇరుసును పట్టుకునేవి యూ బోల్టులే. అవి వదులు కావడంతో ఇరుసు ఎడమ కొస వెనక్కి జరిగింది. ఇరుసు ఏ వైపు వెనక్కి పోతే బండి ఆ వైపుకు లాగుతుంది. కట్ట కింద ఇరుసు మీద తుప్పు రాలి తళతళలాడే కొత్త గీత కనిపించింది. చిన్న బోల్టు, నాలుగు నట్లతో పోయే జబ్బుకు రెండు షెడ్లలో ఖర్చయింది.

టేపు లేకపోతే పురికొస అయినా పనికొస్తుంది. వేలెడు తేడా ఉంటే అనుమానమే లేదు. కమాను పని చేయించాక కొన్ని రోజులు తిప్పి యూ బోల్టులు మరోసారి బిగించుకోవాలి. కొత్త పట్టీలు కుదురుకుని నట్లు వదులవుతాయి. చాలామంది చేయనిది ఇదే.

రాయి తగిలిన తర్వాత లాగుడు మొదలైతే ఇరుసు కింద పడుకుని టై రాడ్డును ఈ కొస నుంచి ఆ కొసకు చూడాలి. వంగితే కంటికే తెలుస్తుంది. అప్పుడు అలైన్‌మెంటు అవసరమే. టై రాడ్డును కాల్చి సుత్తితో తిన్నగా చేసి వాడటం మాత్రం ప్రాణంతో చెలగాటం.

ఇక చక్రం ఆట. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందనుకోండి. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనాలి. ఆట పోతే హబ్బు బేరింగు వదులైంది. పోకపోతే కింగ్ పిన్ను బేరింగు పోయింది. ఇలా ముందే తేల్చుకుంటే షెడ్డులో అడిగిన సామానల్లా కొననక్కర లేదు.

పని పూర్తయ్యాక జనాన్ని ఎక్కించుకుని పరీక్షించడం తప్పు. పొట్టిగా, ఎత్తుగా ఉండే జీపు ఒక పక్క బ్రేకు గట్టిగా పడితే మలుపులో బోల్తా పడగలదు. ఖాళీ బండిని చదునైన చోట మొదట నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా నడిపి బ్రేకు తొక్కి చూడాలి. స్టీరింగ్ మీద చేతులు తేలిగ్గా ఆనించి ఉంచితే బండి ఎటు పోతోందో అదే చెబుతుంది. ఆ తర్వాత దిగి నాలుగు హబ్బుల వేడీ మళ్లీ చూసుకోవాలి.