కుందేలు కింద నేల చూశారా?

కుందేలు పిల్లను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ముందుగా అడిగేది నట్టల మందు ఎప్పుడు వేయించాలనే. కుక్కపిల్లల్నీ మేకపిల్లల్నీ సాకిన అలవాటు అది. అడగడంలో తప్పు లేదు. కానీ కుందేలు పిల్లల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నట్టలు కావు, కంటికి కనిపించని కాక్సీడియా అనే ఏకకణ జీవులు. వాటిని ఆపడంలో మందు సీసా కన్నా చీపురు ముందుంటుంది.

కాక్సీడియా మనిషి కంటపడి మూడున్నర శతాబ్దాలైంది. 1674లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్, తాను తయారుచేసుకున్న సూక్ష్మదర్శినితో ముసలి కుందేలు పిత్తాన్ని పరీక్షించి, అందులో కోడిగుడ్డు ఆకారపు రేణువులు చూశానని రాశాడు. అవి కుందేలు కాలేయంలో కాపురం పెట్టే ఐమీరియా స్టీడే అనే కాక్సీడియా గుడ్లేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. పేగుల్లో చేరే ఐమీరియాలు ఇంకా చాలా ఉన్నాయి.

తల్లిపాలు మానినప్పటి నుంచి మూడు నాలుగు నెలల వయసు దాకా పిల్లలకు గండం. దుకాణంలో ఇరుకు బోనులో, తడిసిన గోనెపట్టా మీద ఒకదానిమీద ఒకటి పడుకునే పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది. జబ్బు సోకితే మేత మానేస్తాయి, పొట్ట ఉబ్బి వెన్నెముక తేలుతుంది, పల్చగా పారుకుంటాయి. కొన్ని ఏ లక్షణమూ చూపకుండానే తెల్లారేసరికి చచ్చిపడి ఉంటాయి.

ఇంతటి శత్రువుకూ ఒక బలహీనత ఉంది. పెంటికలతో బయటపడిన గుడ్డు వెంటనే జబ్బు చేయలేదు. వెచ్చదనం, తేమ, గాలి తగిలి పండడానికి ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోపే ఎత్తిపారేస్తే దాని కథ ముగిసినట్టే. అందుకే బోను రోజూ శుభ్రం చేయాలి, వారానికోసారి కాదు. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, ఆ గుడ్డు పెంకు గట్టిది. మరిగే నీళ్లు పోసి, ఎండలో బాగా ఆరనివ్వండి. జాలీ నేల ఉంటే పెంటికలు కిందికి జారిపోతాయి గానీ, రోజంతా తీగమీదే ఉంటే అరికాళ్లు పుండ్లు పడతాయి. పడుకోవడానికి ఒక చెక్క వేసి, దాన్నీ రోజూ కడగాలి. వానాకాలంలో తడి ఆరదు కనుక రెండు చెక్కలుంటే మేలు.

కుందేలు తన మెత్తని పెంటికల్ని తానే నేరుగా నోటితో అందుకుని తింటుంది. చూసి అసహ్యించుకుని ఆపబోతారు కొందరు. ఆపొద్దు, బి విటమిన్లు దానికి అలాగే అందుతాయి. అప్పటికి కాక్సీడియా గుడ్లు పండి ఉండవు కాబట్టి ఆ భయమూ లేదు. నులిపురుగుల గుడ్లు మాత్రం ఈ దారిన మళ్లీ లోపలికి చేరగలవు. పెంటికల మీద కదిలే తెల్లటి దారప్పోగుల్లాంటి ఈ పురుగుల్ని చూసి యజమానులు హడలిపోతారు గానీ, చాలావరకు ఇవి పెద్దగా హాని చేయవు. డాక్టరు చెప్పిన మందు వేస్తే సరిపోతుంది.

మేతతో వచ్చే నట్ట మరొకటుంది. ఖాళీ స్థలాల్లో కోసుకొచ్చే గరికలో కుక్కల మలం ఉంటే, కుక్క బద్దెపురుగు గుడ్లు కుందేలు కడుపులోకి చేరి నీటితిత్తులుగా పెరుగుతాయి. ఇంట్లో కుక్క ఉంటే నట్టల మందు ముందు దానికి వేయించండి. గడ్డి కుక్కలు తిరగని చోట కోయండి.

గజ్జి కంటికి కనిపించే జబ్బు. చెవి లోపల గోధుమరంగు చెక్కులు కడితే అది చెవి గజ్జి. చెక్కుల్ని గిల్లి తీయకండి, కుందేలు నొప్పికి విలవిల్లాడుతుంది. డాక్టరు మందు మొదలుపెడితే అవే రాలిపోతాయి. ముక్కు, పెదవులు, పాదాల మీద చెక్కులు కట్టేది ఇంకో రకం గజ్జి.

ఇక్కడే ఘోరం జరుగుతుంటుంది. ఇంట్లో కుక్క కోసం కొన్న గోమార్ల స్ప్రే ఉంది కదా అని కుందేలుకూ కొడతారు. అందులో ఫిప్రోనిల్ ఉంటే కుందేలుకు మూర్ఛలొచ్చి చనిపోవచ్చు. ఈ ఒక్క మాట ప్రతి పెట్ దుకాణం గోడమీదా పెద్దక్షరాలతో రాయించాలి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇవ్వడమూ అంతే ప్రమాదం. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుడుతుంది.

తల ఒకవైపు వాలిపోయినా, వెనక కాళ్లు ఈడ్చినా మూత్రంతో వ్యాపించే ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మ పరాన్నజీవిని అనుమానించాలి. దీనికి ఫెన్‌బెండజోల్ అనే మందు సాధారణంగా 28 రోజులు వాడతారు. కొద్ది రోజులకే కాస్త తేరుకుందని మానేయకూడదు. ఇది మనుషులకూ సోకగలదు కనుక, ఇంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లుంటే బోను పని వాళ్లకు అప్పగించకండి.

కొత్త కుందేలును తెస్తే కొన్ని వారాలు విడిగా ఉంచి, ఆ రోజు పెంటికల్ని శుభ్రమైన డబ్బాలో పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. నట్టల గుడ్లతోపాటు కాక్సీడియా కూడా చూడమని అడగండి. ఒకసారి కనిపించకపోతే లేనట్టు కాదు, కొన్ని రోజులాగి మళ్లీ పరీక్ష చేయించండి.