తాతయ్యకు కుదురెందుకు లేదు?

పాలు పొయ్యిమీద పెట్టి, అవి కాగేలోగా మొక్కలకు నీళ్ళు పోసివద్దామని తాతయ్య పెరట్లోకి వెళ్ళారనుకోండి. అక్కడ తెగిన దండెం కనిపించింది. తాడుకోసం కొట్టుగదిలోకి వెళితే పాత రేడియో కనిపించింది. మాడువాసన తగిలి మీరు వంటింట్లోకి పరుగెత్తేసరికి గిన్నె నల్లబడిపోయింది. తాతయ్య మాత్రం రేడియో విప్పుకుని తీరిగ్గా కూర్చున్నారు! "మతిమరుపు జబ్బేమో" అని ఇంట్లోవాళ్ళు కంగారుపడ్డారు. తాతయ్య అక్కగారు మాత్రం నవ్వి, "వీడికి ఎనిమిదో ఏటినుంచీ ఇదే వరస" అన్నారు.

ఆ మాట గుర్తుంచుకోండి. దానితో మనకు మళ్ళీ పని ఉంది.

ఒకచోట కుదురుగా కూర్చోలేని, చేస్తున్న పని మధ్యలో వదిలేసే పిల్లల్ని మీరు తరగతిలో చూసే ఉంటారు. ఈ లక్షణాలు చదువుకూ, జీవితానికీ అడ్డుపడేటంత ఉంటే వైద్యులు దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. 1902లో జార్జి స్టిల్ అనే వైద్యుడు లండన్‌లో ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, దీన్ని నైతిక నిగ్రహ లోపంగా వర్ణించాడు. 1968లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం దీన్ని బాల్యానికి చెందిన సమస్యగానే లెక్కించి, యౌవనం వచ్చేసరికి సాధారణంగా తగ్గుతుందని రాసింది. అందరిలోనూ అలా తగ్గిపోదని తర్వాత తేలింది. నెదర్లాండ్స్‌లో 60 ఏళ్ళు దాటినవారిని పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, నూటికి దాదాపు ముగ్గురిలో ఇది ఉంది.

"రేడియో ముందు మూడు గంటలు కూర్చోగలిగిన మనిషి పాలగిన్నె దగ్గర అయిదు నిమిషాలు నిలబడలేడా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. తాతయ్యకు శ్రద్ధ లేకపోవడం కాదు, దాన్ని కావలసినచోటికి తిప్పడం, కావలసినంతసేపు నిలపడం కష్టం. ఆ పగ్గాలు నుదుటి వెనక ఉన్న మెదడు భాగం చేతిలో ఉంటాయి. అక్కడ నాడీకణాల మధ్య వార్తలు మోసే పదార్థాల్లో డోపమిన్ ఒకటి. ఆ వ్యవస్థ పనితీరులోని తేడావల్ల, ఆసక్తి కలిగించే పని మనసును లాగేసుకుంటుంది. విసుగుపుట్టించే పని జారిపోతుంది. ఇది చాలావరకు వంశపారంపర్యం. బద్ధకం కాదు, పెంపకంలో లోపమూ కాదు.

వయసుతోబాటు దీని రూపు మారుతుంది. గోడలు దూకిన కుర్రవాడు గోడలు దూకడు కాని, లోపల ఏదో తరుముతున్నట్టే ఉంటుంది. మరి ఉద్యోగం చేసిన ముప్ఫై ఏళ్ళూ ఎలా నెగ్గుకొచ్చారు? ఆఫీసు వేళలు, పై అధికారి కేకలు, ఫలానా తేదీలోగా ముగించాలన్న ఒత్తిడి - ఇవన్నీ బయటినుంచి పట్టి నిలిపాయి. పదవీ విరమణతో ఆ ఊతకర్రలన్నీ ఒక్కసారిగా పోయాయి. పాత లక్షణాలు కొత్తగా వచ్చినట్టు కనిపించాయి.

ఇక్కడే చిక్కు. డిమెన్షియా అనే వ్యాధి కూడా మతిమరుపుతోనే మొదలుకావచ్చు. తెలిసిన వీధిలో దారి తప్పడం, అలవాటైన పని ఎలా చేయాలో తెలియకపోవడం, అదీ ఈమధ్యే మొదలుకావడం వేరే సంగతి. దానికి ఆలస్యం చేయకూడదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, చెవుడు, నిద్రలేమి, వేరే మందుల ప్రభావం కూడా ఇలాగే మోసగిస్తాయి. రెండు సమస్యలూ ఒకరికే ఉండనూవచ్చు. కాబట్టి ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది.

వైద్యుడు అడిగే ముఖ్యమైన ప్రశ్న, "ఎప్పటినుంచి?" 2013 నాటి ప్రమాణాల ప్రకారం 12 ఏళ్ళ లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. డెబ్బై ఏళ్ళ మనిషి బాల్యానికి సాక్షి ఎవరు? అక్కగారి మాట విలువ ఇప్పుడు తెలిసిందా!

మందులున్నాయి. వాటిలో కొన్ని నాడి వేగాన్నీ, రక్తపోటునూ పెంచుతాయి కనుక పెద్దవాళ్ళకు గుండె పరీక్షించి ఆచితూచి ఇస్తారు. తాళాలకు గుమ్మం పక్కనే మేకు, రోజుకో గది ఉన్న మాత్రల పెట్టె, పాలకోసం గంటకొట్టే గడియారం మీరే అమర్చవచ్చు.

అటక మీది ట్రంకుపెట్టెలో తాతయ్య ప్రోగ్రెస్ రిపోర్టు దొరికితే పారేయకండి. మార్కుల కింద మాస్టారు ఏం రాశారో చూసి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.