దసరాకి వ్యాక్స్, సంక్రాంతికి నీళ్లు

దసరా పూజకి బానెట్ మీద పెట్టిన పసుపు ఆరకముందే బ్రిటన్ రోడ్ల మీదకి ఉప్పు లారీలు దిగుతాయి. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, రాత్రి రోడ్డు గడ్డకట్టే సూచన కనిపిస్తే చాలు, కౌన్సిళ్ల వాళ్లు పెద్ద రోడ్ల మీద రాతి ఉప్పు చల్లేస్తారు. అందులో పెద్ద వాటా చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిది. 1844లో మొదలైన గని, భూమికి సుమారు 150 మీటర్ల కింద. ఆ ఉప్పు మన కల్లుప్పులా తెల్లగా ఉండదు, మట్టి కలిసి గోధుమ రంగులో ఉంటుంది. జనవరిలో వారం రోజులు మోటార్‌వే మీద తిరిగొచ్చిన కారు తలుపుల కింద చూడండి, పొక్కు కట్టినట్టు పేరుకుని కనిపిస్తుంది.

ఆ ఉప్పు కారు రంగుని ఏమీ చేయదు. రంగు ఊడిన చోట, అంటే ముందు లారీ చక్రం ఎగరేసిన రాయి తగిలి సూదిమొనంత పెచ్చు లేచిన చోట, తేమతో కలిసి ఇనుముని తినడం మొదలుపెడుతుంది. చక్రాల పైన ఉండే గూళ్లలో, అడుగున బ్రేకు పైపుల మీద అయితే మనకి కనపడకుండానే తింటుంది. మూడేళ్లు నిండిన కారుకి (ఉత్తర ఐర్లాండ్‌లో నాలుగేళ్లు) ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది కదా. సస్పెన్షన్, సీట్ బెల్టు బిగించిన చోట్లకి దగ్గర్లో తుప్పు ముదిరి ఉంటే పాస్ చేయరు. అందుకే ఈ దేశంలో కారు కడగడం మెరుపు కోసం కాదు, ఉప్పు వదిలించడానికి. మెరిస్తే అది అదనపు లాభం.

ఇక్కడికి వచ్చిన మనవాళ్లు ముందు వదులుకోవాల్సింది వాచ్‌మన్ పద్ధతి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తెల్లారేసరికి ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో సెల్లార్‌లోని కార్లన్నీ తుడిచేస్తారు. ఆ గుడ్డలో ఇసుక రేణువులుంటాయి. తుడిచిన ప్రతిసారీ అవి సన్నగా గీతలు పెడతాయి. నల్ల కారుని ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు కనిపించేది అందుకే. రంగు పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కన్నా పల్చన. స్లౌలోనో రెడింగ్‌లోనో కొత్త కారు కొన్న ఉత్సాహంలో పొడిగుడ్డతో రోజూ తుడిచేవాళ్లు ఆ పొరనే అరగదీస్తున్నారు. దుమ్ము పట్టినా సరే, తడపకుండా ముట్టుకోకండి.

కావాల్సిన సరంజామా తక్కువే. రెండు బకెట్లు, కారు షాంపూ, చేతికి తొడుక్కునే మెత్తటి వాష్ మిట్, చక్రాలకి విడిగా ఒక బ్రష్షు, ఆరబెట్టడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్. గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వద్దు. జిడ్డు వదిలించడానికి చేసింది కాబట్టి ఉన్న వ్యాక్స్‌ని కూడా వదిలిస్తుంది. పైగా చాలావాటిలో చిక్కదనం కోసం ఉప్పు కలుపుతారు. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్లా!

చక్రాలతో మొదలుపెట్టాలి, అన్నిటికన్నా మురికి వాటికే. తర్వాత పైనుంచి కిందకి నీళ్లు కొట్టి, వదిలేంత మట్టి ముట్టుకోకుండానే వదిలించాలి. ఫ్లాట్‌లో ఉండి గొట్టం లేనివాళ్లు మొక్కలకి పోసే క్యాన్‌తో పోసినా సరిపోతుంది, ఓపికగా పోయాలంతే. అప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో వట్టి నీళ్లు. మిట్‌ని షాంపూలో ముంచి ముందు టాప్ మీద, తర్వాత అద్దాలు, బానెట్, తలుపుల పై సగం, ఆఖర్న కింది అంచులు, బంపర్లు. గుండ్రంగా తిప్పకుండా తిన్నగా లాగాలి, గట్టిగా అదమకూడదు. ఒక్కో భాగం అవగానే మిట్‌ని వట్టి నీళ్లలో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక ఆ నీళ్ల బకెట్ అడుగున చేయి పెట్టి చూడండి, ఇసుక వేళ్లకి తగులుతుంది. ఒకే బకెట్ వాడి ఉంటే ఆ ఇసుకంతా మళ్లీ బానెట్ మీదే తిరిగేది.

ఆరబెట్టడంలో ఊరిని బట్టి తేడా ఉంది. లండన్ నీళ్లు సుద్దరాతి పొరల్లోంచి వచ్చినవి, కాఠిన్యం ఎక్కువ. అలాగే వదిలేస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. మాంచెస్టర్‌కి 1894 నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌లోని థర్ల్‌మియర్ నీళ్లు, గ్లాస్గోకి 1859 నుంచి లాఖ్ కాట్రిన్ నీళ్లు వస్తున్నాయి. అవి మెత్తటి నీళ్లు, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. లండన్ ఈస్ట్ హామ్‌లో ఉండేవాళ్లు మాత్రం ఎండ తగలని చోట కడిగి వెంటనే టవల్ పరిచి నీళ్లు అద్దేయాలి.

పాలిష్‌నీ వ్యాక్స్‌నీ చాలామంది ఒకటే అనుకుంటారు. పని మాత్రం పూర్తిగా ఎదురు. పాలిష్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, అది క్లియర్ కోట్‌ని కొద్దిగా అరగదీసి గీతల అంచుల్ని చదును చేస్తుంది. వ్యాక్స్ దేన్నీ తీయదు, పైన ఒక పూత వేస్తుంది. కాబట్టి పాలిష్ ఏడాదికి ఒక్కసారి చాలు, కొత్త కారుకైతే అసలే వద్దు. పాలిష్‌కి ముందు పల్చటి ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి కడిగిన బానెట్ మీద రాసి చూడండి. గరుగ్గా తగిలితే బ్రేకు ధూళి, చెట్ల జిగురు లాంటివి అతుక్కుని ఉన్నాయన్నమాట. వాటిని తీయడానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద ఉంటుంది, బాగా తడి చేసి రుద్దాలి. అది కిందపడితే కడిగి వాడొద్దు, పారేయండి. ఆటోగ్లిమ్ (1965లో పుట్టిన, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లెచ్‌వర్త్ కంపెనీ) సూపర్ రెజిన్ పాలిష్ లాంటి తేలికపాటి సరుకు చేత్తో రాయడానికి సరిపోతుంది. యూట్యూబ్ చూసి పాలిషింగ్ మెషీన్ కొనేయాలనిపిస్తుంది కానీ, తలుపు అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది, చేయి అలవాటు కానివాళ్లు అక్కడే పోగొట్టుకుంటారు.

వ్యాక్స్‌లలో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో ఒక జాతి తాటిచెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మెరుపు చూడముచ్చటగా ఉంటుంది గానీ కొన్ని వారాలకే పోతుంది. ఇంగ్లండ్ చలికాలానికి నా ఓటు సింథటిక్ సీలెంట్‌కే, నెలల తరబడి నిలుస్తుంది. ఏదైనా పల్చగా, ఒక్కో భాగమే రాయాలి. మసకబారాక వేలితో గీసి చూసి, శుభ్రంగా వస్తే అప్పుడు తుడవాలి. నల్ల ప్లాస్టిక్ అంచులకి అంటితే తెల్ల మరకలు పడతాయి, జాగ్రత్త. చలి 10 డిగ్రీల లోపుకి దిగితే సరిగా ఆరదు. అందుకే దసరా.

బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో 2006లో తెరిచిన బాలాజీ ఆలయంలో వాహన పూజలు చేస్తారు. వెళ్లే ముందే వ్యాక్స్ వేసుకుంటే బొట్టు పూత మీదే నిలుస్తుంది. మర్నాడే కడిగేయండి. ఎండిన గంధాన్ని గోటితో గీకొద్దు, కుంకుమని పొడిగా తుడవొద్దు. రాయి తగిలిన పెచ్చుల్లోకి రంగు దిగితే వదలదు.

సంక్రాంతి నాటికి వ్యాక్స్ మాట మర్చిపోయి నీళ్లు పట్టండి. రెండు వారాలకోసారి, గడ్డకట్టని రోజు మధ్యాహ్నం చూసుకుని, చక్రాల గూళ్లు, అడుగుభాగం బాగా కడగాలి. తలుపుల రబ్బర్లు తుడవకపోతే తెల్లారేసరికి తలుపులు అతుక్కుపోతాయి. నీళ్లు పేవ్‌మెంట్ మీదకి పారితే అక్కడ గడ్డకట్టి ఎవరో ఒకరు జారిపడతారు. తీరిక లేనప్పుడు నంబర్ ప్లేట్లయినా తుడవండి, చదవడానికి వీల్లేకుండా ఉంటే 1,000 పౌండ్ల దాకా జరిమానా.

ఇంత తతంగం ఎందుకు, వీధి చివర చేతి కార్‌వాష్ ఉందిగా అనొచ్చు. అలాంటివి 10,000 నుంచి 20,000 దాకా ఉంటాయన్న అంచనాతో పార్లమెంటు పర్యావరణ ఆడిట్ కమిటీ 2018 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. వాటిలో కొన్నిచోట్ల కార్మికుల దోపిడీ, మురికినీళ్ల కాలుష్యం రెండూ జరుగుతున్నాయని అందులో ఉంది. మంచివి లేవని కాదు. మరీ చవగ్గా చేస్తున్నారంటే ఎలా గిట్టుబాటవుతోందో ఒకసారి ఆలోచించాలి.

ఇంటి దగ్గరైనా నీళ్ల సంగతి చూసుకోవాల్సిందే. రోడ్డు పక్క కాలువల్లో చాలావాటి నీళ్లు శుద్ధి లేకుండా నేరుగా వాగులోకి పోతాయి. వీలైతే గడ్డి మీదో గులకరాళ్ల మీదో కడగండి. వేసవిలో గొట్టం మీద నిషేధం పెడితే (2022లో లండన్‌లో, 2025లో యార్క్‌షైర్‌లో పెట్టారు) 2010 నాటి వరద, నీటి నిర్వహణ చట్టం కింద 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. బకెట్‌తో కడుక్కోవడానికి మాత్రం ఆ నిషేధం అడ్డురాదు.