కిలో బట్టకు కిలోకు మించిన ఉప్పు

చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో దుపట్టాలకు రంగువేసే రంగ్రేజ్‌లకు ఉప్పు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. నూలు బట్ట అయితే రంగునీళ్లలో ఉప్పు పడాల్సిందే. తడిసిన నూలు పోగుకు రుణావేశం ఉంటుంది, డైరెక్ట్, రియాక్టివ్ రంగులదీ రుణావేశమే. అందుకే పోగు రంగును దగ్గరకు రానివ్వదు. ఆ తోపులాటను ఉప్పు అణుస్తుంది.

ఎంత ఉప్పు? కిలో బట్ట తీసుకుందాం. 200 గ్రాముల దుపట్టాలైతే అయిదు. బట్టకు 20 రెట్ల లెక్కన 20 లీటర్ల నీళ్లు. రియాక్టివ్ రంగులో ముదురు ఛాయకు లీటరుకు 60 గ్రాముల ఉప్పు మామూలే. మొత్తం 1,200 గ్రాములు, అంటే బట్ట బరువును మించిపోయింది! సముద్రపు నీటిలోనైనా లీటరుకు ఉండేది 35 గ్రాములే. ఇంతా చేసి ఆ ఉప్పు బట్టలో నిలవదు, జాడింపు నీళ్లతో మోరీలోకి పోతుంది. పాతబస్తీ మోరీల దారి మూసీ నది వైపే. మామూలు శుద్ధి కేంద్రాలు ఉప్పును తీయలేవు. తాగునీటిలో కరిగిన లవణాలకు మన ప్రమాణాలు ఒప్పుకునే చివరి హద్దు లీటరుకు 2 గ్రాములు. ఈ 20 లీటర్లను ఆ హద్దుకు దించాలంటే ఉప్పులేని నీళ్లు ఇంకో 580 లీటర్లు కలపాలి. నన్ను కదిలించిన అంకె ఇదే.

కైటోసాన్ అక్కరకొచ్చేది ఇక్కడే. రొయ్య పెంకులోని కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో మరిగిస్తే వచ్చే పదార్థమిది. 1859లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ రూజే దీన్ని కాస్టిక్ పొటాష్‌తో తయారుచేశాడు. మామూలు నీళ్లలో కరగదు, 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది. కరిగినప్పుడు దానికి ధనావేశం వస్తుంది. ముందుగా ఆ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన నూలు, రంగును తనే లాక్కుంటుంది. లీటరుకు 5 గ్రాముల ద్రావణంలో తడిపి, బట్ట బరువులో 80 శాతం తడి ఉండేలా పిండితే, కిలో బట్టపై మిగిలే కైటోసాన్ 4 గ్రాములు. ఎండు పెంకులో అయిదో వంతు కైటిన్ అనుకుంటే, 30 గ్రాముల లోపు పెంకు చాలు. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం, కాబట్టి ముడిసరుకుకు కరువు లేదు.

అయితే 4 గ్రాములు 1,200 గ్రాముల పని మొత్తం చేసేయవు. రియాక్టివ్ రంగు పట్టడానికి చివర్లో సోడా వేస్తారు. ఆ క్షారంలో కైటోసాన్ ధనావేశం పోతుంది. దాని సాయమంతా అంతకుముందే అందాలి. లేత, మధ్యరకం ఛాయల్లో ఉప్పు బాగా తగ్గించవచ్చు, ముదురు రంగులకు మాత్రం దీన్నే నమ్ముకోవద్దని నా సలహా. సోడా అవసరం లేని డైరెక్ట్ రంగులకు ఈ చిక్కు లేదు. బట్టపై సూక్ష్మజీవులనూ కైటోసాన్ అడ్డుకుంటుంది, కానీ సిట్రిక్ ఆమ్లం వంటిదానితో పోగుకు బంధించకపోతే ఉతికేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది.

కైటోసాన్ తయారీలోనూ ఒక చిక్కుంది: పెంకు నుంచి సున్నాన్ని, మాంసకృత్తులను వదిలించడానికి ఆమ్లం, క్షారం వాడాలి. ఆ వ్యర్థాన్ని రొయ్యలు సాగే తీరంలోనే శుద్ధి చేయకపోతే, మూసీకి తప్పిన బరువు అక్కడి కాలువల మీద పడుతుంది.

సందులో దుకాణానికి అసలు కష్టం పిండటంలో ఉంది. మిల్లులో రోలర్లు బట్టను ఒకే తీరుగా పిండుతాయి, చేతులు అలా పిండలేవు. కైటోసాన్ ఎక్కువైన చోట బట్ట బిరుసెక్కుతుంది, రంగు మచ్చగా తేలుతుంది. పైగా రంగు పోగు లోపలికి దిగకుండా పైపైనే ఆగిపోవచ్చు. అందుకని ముందు ఒక్క దుపట్టాకే కైటోసాన్ పట్టించి రంగువేసి, ఆరాక తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే ద్రావణం పలుచన చేసి మళ్లీ మొదలుపెట్టాలి.