యుద్ధకాలంలో అత్యవసర సేవల మనోవిజ్ఞాన నిపుణులు: బర్న్‌అవుట్ నివారణ

లక్ష్యాలు: ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు బర్న్‌అవుట్ లక్షణాలను గుర్తించగలుగుతారు, దాని నివారణలో వ్యక్తి పాత్రను, సంస్థ పాత్రను వేరుచేసి వివరించగలుగుతారు.

1. పరిచయం

2023 జనవరి 14న ఉక్రెయిన్‌లోని ద్నిప్రో నగరంలో ఒక తొమ్మిదంతస్తుల నివాస భవనంపై రష్యా క్షిపణి పడింది. 46 మంది మరణించారు. శిథిలాలలో గాలింపు 17వ తేదీ వరకు సాగింది. ఇటువంటి చోట్లకు ఆ దేశ ప్రభుత్వ అత్యవసర సేవల విభాగం తరఫున రక్షణ సిబ్బందితోపాటు మనోవిజ్ఞాన నిపుణులు కూడా వెళతారు. తమవారి జాడ తెలియక ఎదురుచూసే బంధువుల పక్కన ఉండడం, మృతులను గుర్తించే వేళ తోడుగా నిలవడం, అలసిన రక్షణ సిబ్బందిని కనిపెట్టి ఉండడం వీరి విధులు. మరి వీరిని కనిపెట్టి ఉండేది ఎవరు?

2. బర్న్‌అవుట్ భావన

1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ స్థితిని వర్ణించాడు. క్రిస్టినా మాస్లాక్ ఇందులో మూడు అంశాలను గుర్తించింది:

(అ) ఉద్వేగపరమైన అలసట
(ఆ) ఎదుటివారిని మనుషులుగా కాక 'కేసులు'గా చూడడం
(ఇ) తన పనివల్ల ప్రయోజనం లేదనే భావన

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా వర్గీకరించింది. విక్టర్ బోయ్‌కో దృష్టిలో ఇది మనసు కల్పించుకునే ఒక రక్షణ తంత్రం. ఉద్రిక్తత, ప్రతిఘటన, అలసట అనేవి దాని దశలు.

బోయ్‌కో అభిప్రాయం ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. శిథిలాల దగ్గర కొంతసేపు మనసును బిగపట్టుకోవడం నిపుణులకు అవసరమే. విధి ముగిశాక కూడా ఆ బిగువు సడలకపోతే హాని మొదలవుతుంది. నిద్రలేమి, చిరాకు, ఇంట్లోవారి మాటకు స్పందించలేకపోవడం తొలి హెచ్చరికలు.

3. యుద్ధకాలపు ప్రత్యేకత

వరద, భూకంపం వంటి విపత్తుకు ఒక ముగింపు ఉంటుంది. బయటి నుంచి వచ్చిన నిపుణులు సురక్షితమైన ఇంటికి తిరిగి వెళతారు. యుద్ధంలో అలా కాదు. బాధితుల మీద ఉన్న ముప్పే నిపుణుల కుటుంబం మీదా ఉంటుంది. రాత్రి అదే సైరన్ వారి ఇంటా మోగుతుంది. సహాయక బృందం చేరుకున్నాక అదే చోట రెండవ దాడి జరగవచ్చు. ఇది ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. సైనికులు కందకాలలో ఉండగా తాను విశ్రాంతి తీసుకోవడం తప్పేమోననే అపరాధభావం కూడా తోడవుతుంది.

4. నివారణ

'మనసు దిటవు చేసుకోండి' అన్న సలహా ఒక్కటే చాలదు. కారణం పని పరిస్థితులలో ఉన్నప్పుడు నివారణ కూడా అక్కడే మొదలుకావాలి.

సంస్థ స్థాయిలో: విధి వేళలకు కచ్చితమైన పరిమితి ఉండాలి. ఘటనాస్థలికి ఇద్దరిద్దరుగా పంపాలి. మృతుల గుర్తింపు వంటి విధిని ఒక్కరికే పదేపదే అప్పగించరాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులను చర్చించే అవకాశం క్రమంగా ఉండాలి; అక్కడ చెప్పిన విషయాలు పదోన్నతి నిర్ణయాలకు చేరరాదు. చేరతాయని అనుమానం కలిగితే ఎవరూ నోరు విప్పరు. ఘటన జరిగిన వెంటనే అందరిచేత అనుభవాన్ని బలవంతంగా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు.

వ్యక్తి స్థాయిలో: విధి ముగింపును సూచించే ఒక చిన్న అలవాటు, ఉదాహరణకు యూనిఫాం మార్చుకోవడం, ఉండాలి. దొరికినప్పుడల్లా నిద్ర, భోజనం మానకూడదు. సహచరులు తనలో మార్పు వచ్చిందంటే ఆ మాట వినాలి; ఈ స్థితి తనకన్నా ముందు పక్కవారికి కనిపించవచ్చు.

5. సారాంశం

ఉద్వేగాలు మొద్దుబారడం వ్యక్తి బలహీనత కాదు, విరామం లేని భారానికి మనసు ఇచ్చే సమాధానం. విశ్రాంతిని దయగా కాక విధిలో భాగంగా ఏర్పాటు చేసినప్పుడే నిపుణులు మరునాటి బాధితుల పక్కన నిజంగా నిలబడగలుగుతారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మాస్లాక్ గుర్తించిన మూడు అంశాలేవి?
2. ప్రకృతి విపత్తులో, యుద్ధంలో నిపుణులపై పడే భారాన్ని పోల్చండి.
3. పర్యవేక్షణ చర్చలను పదోన్నతి నిర్ణయాల నుంచి ఎందుకు వేరుగా ఉంచాలి?